బొగ్గు లేకుండా రెండు తెలుగు రాష్ట్రాలకు కరెంటు ఇవ్వగలమా?

మీరు రెండు విషయాలు అడిగారు. సోలార్, గాలిమరల కరెంటు ఇంత చవక అయ్యాక ఇంకా బొగ్గు ప్లాంట్లు ఎందుకు, మొత్తం మార్చేయలేమా అన్నది మొదటిది. థర్మల్ ప్లాంటులో పనిచేసే మీ బావగారు అది జరిగే పని కాదని కొట్టిపారేస్తున్నారని కూడా రాశారు. ఇంటి మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించుకుంటే మీ ఇంటి వరకూ పూర్తిగా మారిపోయినట్టేనా అన్నది రెండోది.

నేను విద్యుత్ శాఖలో ఎక్కువ కాలం లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఏ ప్లాంటు ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో నిమిషం నిమిషం చెప్పే కంట్రోల్ రూమ్ అది. అందుకే నా జవాబు అక్కడి చూపుతోనే ఉంటుంది. ఈ చర్చలో అందరూ నార్వే, ఐస్‌లాండ్ పేర్లు చెబుతారు. నార్వేకు కొండల నిండా నదులున్నాయి, ఐస్‌లాండ్‌కు నదులతో పాటు భూమిలోంచి ఉబికే వేడి ఉంది, జనాభా 4 లక్షలైనా లేదు. వాళ్ల లెక్క మనకు పనికిరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లెక్కే చూద్దాం.

ముందు జవాబు చెప్పేస్తాను. కరెంటు వరకూ సాధ్యమే. 80, 85 శాతం దాకా ఈరోజు మార్కెట్లో దొరికే యంత్రాలతోనే వెళ్లొచ్చని నా నమ్మకం. ఆ చివరి 15, 20 శాతం దగ్గరే ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. మీ బావగారు రోజూ చూస్తున్నది ఆ చివరి భాగాన్నే. కాబట్టి ఆయన మాటను తీసిపారేయకండి.

స్థలం చాలదనే వాదన చాలామంది చేస్తారు. లెక్క వేసి చూడండి. రెండు రాష్ట్రాలూ కలిపి ఏడాదికి 15,000 కోట్ల యూనిట్లకు పైగా వాడుతున్నాయి. మన ఎండకు ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు ఏడాదికి సుమారు 17 లక్షల యూనిట్లు ఇస్తుంది. మొత్తం సోలార్‌తోనే తీయాలనుకుంటే 90 వేల మెగావాట్ల దగ్గర కావాలి. మెగావాట్‌కు 5 ఎకరాలనుకుంటే నాలుగున్నర లక్షల ఎకరాలు. రెండు రాష్ట్రాల విస్తీర్ణం ఆరున్నర కోట్ల ఎకరాలు దాటుతుంది. అంటే అందులో ఒక శాతం కూడా కాదు. 2017లో పూర్తయిన కర్నూలు సోలార్ పార్కు, పాణ్యం దగ్గర గని, శకునాల వైపు, వెయ్యి మెగావాట్లకు దాదాపు 6,000 ఎకరాలు తీసుకుంది. అలాంటి మెట్ట నేలలు రాయలసీమలో, పాలమూరులో ఉన్నాయి. ఏ భూమి తీసుకుంటున్నారు, మేకలు గొర్రెలు మేపుకునేవాళ్లకు, కౌలుదార్లకు ఏమిస్తున్నారు అన్నది న్యాయంగా తేలాల్సిన విషయమే. స్థలమే లేదనడం మాత్రం సరికాదు.

ధర కూడా అడ్డం కాదు. 2015లో కర్నూలు పార్కు వేలంలో యూనిట్ 4 రూపాయల 63 పైసలకు వస్తే దేశమంతా ఆశ్చర్యపోయింది. 2017లో కడపకు 3 రూపాయల 15 పైసలకు వచ్చింది. 2020 చివర్లో గుజరాత్‌లో 2 రూపాయల లోపుకు దిగింది. పగటి పూట ఇంతకన్నా చవకైన కరెంటు ఇవ్వగల కొత్త బొగ్గు ప్లాంటు ఏదీ లేదు.

అసలు చిక్కు గడియారంతో. కరెంటు ఏ క్షణం ఎంత వాడుతున్నామో ఆ క్షణం అంతే తయారవ్వాలి. ఎక్కువైతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, 50 కన్నా పైకి, తక్కువైతే కిందికి పోతుంది. మనకు ఇచ్చిన హద్దు 49.90 నుంచి 50.05 వరకే. కంట్రోల్ రూములో సాయంత్రం నాలుగు దాటాక సోలార్ గీత వంగడం మొదలవుతుంది. ఆరున్నరకల్లా అది సున్నా. సరిగ్గా అదే సమయానికి వీధి దీపాలు వెలుగుతాయి, ఆఫీసుల నుంచి ఇంటికొచ్చినవాళ్లు ఏసీలు వేస్తారు, వంటిళ్లలో మిక్సీలు తిరుగుతాయి. సోలార్ దిగుతున్న ప్రతి మెగావాట్‌కూ, పెరుగుతున్న ప్రతి మెగావాట్‌కూ ఇంకోచోటి నుంచి కరెంటు తేవాలి. షిఫ్టులో ఉన్న ఇంజినీరు మధ్యాహ్నమే థర్మల్ ప్లాంట్లకు ఫోన్ చేసి సిద్ధంగా ఉండమంటాడు. బాయిలరు వేడెక్కి లోడు అందుకోవడానికి టైం పడుతుంది. పగలు సోలార్ పుష్కలంగా ఉందని ఆ ప్లాంట్లను పూర్తిగా ఆపేస్తే సాయంత్రానికి అవి అందిరావు. అందుకే పగలు అవసరం లేకపోయినా 55 శాతం లోడు దగ్గర వాటిని నడిపిస్తూ ఉంటారు. అంతకన్నా తగ్గిస్తే మంట నిలవదని, ట్యూబులు దెబ్బతింటాయని ప్లాంటు వాళ్లు అంటారు. ఆ 55ను 40కి దించమని కేంద్రం 2023లో నిబంధన తెచ్చింది. మీ బావగారి తలనొప్పి బహుశా ఇదే.

రాత్రికి ఎంత నిల్వ కావాలో చూద్దాం. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడు దాకా 13 గంటలు. రెండు రాష్ట్రాలకూ కలిపి సగటున 16 వేల మెగావాట్లు అనుకుంటే 20 కోట్ల యూనిట్లు దాటుతుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు (మిగులు కరెంటుతో నీళ్లు పైకి ఎత్తి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది) సామర్థ్యం 1,680 మెగావాట్లు, ఆరు గంటల పాటు. అంటే ఒకసారి నిండితే కోటి యూనిట్లు. సోలార్ ఒక్కటే నమ్ముకుంటే ఒక రాత్రి గడవడానికి అలాంటివి ఇరవై కావాలి. వినగానే గుండె జారుతుంది. కానీ ఆ 16 వేలు రాయి మీద చెక్కిన అంకె కాదు. దాన్ని తగ్గించే మార్గం మన చేతిలోనే ఉంది, అది మన పొలాల్లో ఉంది.

బోరు మోటార్ల గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే బయటి రాష్ట్రాల నిపుణులు రాసే రిపోర్టుల్లో దీనికి ఒక పేరాకు మించి ఇవ్వరు. తెలంగాణలో వాడే కరెంటులో సుమారు మూడో వంతు వ్యవసాయానిదే. ఒకప్పుడు రైతుకు కరెంటు రాత్రి ఇచ్చేవాళ్లం. పగలు ఫ్యాక్టరీలకు, ఊళ్లకు పోగా మిగిలింది రైతుకు. రాత్రి రెండింటికి త్రీఫేజ్ వస్తుందంటే రైతు టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లేవాడు. పాము కాటుకో, తడిచేత్తో స్టార్టర్ ముట్టుకునో పోయినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. అది తప్పించుకోవడానికి ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది. ఒక ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైను, మీద త్రీఫేజ్ ఇవ్వగానే వందల మోటార్లు ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి, కంట్రోల్ రూములో ఫ్రీక్వెన్సీ ధన్‌మని పడేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది అందుకే. రాత్రంతా మోటార్లు ఆడితే భూగర్భ జలం అడుగంటుతుందని కొన్ని ఊళ్లలో రైతులే 24 గంటలు వద్దన్నారు.

ఇప్పుడు ఇదే మోటారును సోలార్ గంటల్లో, అంటే ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర లోపు నడిపితే ఏమవుతుంది? రాత్రి లోడులోంచి పెద్ద ముక్క పగటికి జరుగుతుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, రిజర్వాయరు అక్కర్లేదు. నీళ్లు పగలే మడిలోకి చేరతాయి, రాత్రి మడి తడిగానే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు అన్న విధానం ఇప్పటికే చాలా ఫీడర్ల మీద నడుస్తోంది. వ్యవసాయ ఫీడర్లను ఇళ్ల ఫీడర్ల నుంచి విడదీసి, ఒక్కో సబ్‌స్టేషన్ దగ్గర నాలుగైదు మెగావాట్ల చిన్న సోలార్ ప్లాంటు పెడితే లైన్ల మీద పోయే నష్టం కూడా తగ్గుతుంది. కుసుమ్ పథకంలో ఇందుకు వీలుంది. దేశంలో ఏ రాష్ట్రానికైనా ఇది మంచిదే, మనకు మాత్రం ఇది ప్రాణం. ఇంకో అదృష్టం ఏమిటంటే తెలంగాణకు ఏడాదిలో అతి పెద్ద డిమాండ్ యాసంగి వరి పొట్టకొచ్చే మార్చిలో వస్తుంది. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. మార్చి ఎండ గురించి మీకు చెప్పనక్కర్లేదు.

మిగిలిన రాత్రి లోడుకు నిల్వ కావాలి. మన దగ్గర కృష్ణ మీద ఎప్పుడో పెట్టిన రివర్సిబుల్ యంత్రాలున్నాయి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు, నాగార్జునసాగర్‌లో 100 మెగావాట్లవి ఏడు. అవి కరెంటు తీయగలవు, అవసరమైతే కింది నీళ్లను మళ్లీ పైకి ఎత్తగలవు. సాగర్ దగ్గర దిగువన నీళ్లు ఆపే టెయిల్ పాండ్ పూర్తికాక ఆ యంత్రాలు దశాబ్దాల పాటు ఒకవైపే పనిచేశాయి. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయాల్లో అదొకటి. పైగా కృష్ణ నీళ్లు కరెంటు కోసమే లేవు. తాగునీరు, ఆయకట్టు ముందు. 2021 వర్షాకాలం మొదట్లో తెలంగాణ కరెంటు తీస్తోందని రెండు రాష్ట్రాల మధ్య గొడవై ప్రాజెక్టుల దగ్గర పోలీసులు మోహరించిన సంగతి అందరూ చూశారు. అందుకే నదితో సంబంధం లేకుండా కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టే పిన్నాపురం తరహా ప్రాజెక్టులు మనకు నప్పుతాయి. ఒకసారి నింపితే చాలు, ఆవిరైనంత మేర కలుపుకుంటూ పోవాలి. పెట్టిన కరెంటులో నాలుగింట మూడొంతులకు పైగా తిరిగొస్తుంది. రాయలసీమ కొండల్లో అలాంటి చోట్లు చాలా ఉన్నాయి.

నీటి యంత్రాల విలువ ఏమిటో తెలియాలంటే 2020 ఏప్రిల్ 5 గుర్తు చేసుకోండి. కరోనా రోజుల్లో రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు. దేశంలో లోడ్ డిస్పాచ్ వాళ్లందరికీ ఆరోజు టెన్షనే. 12 వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేస్తే 31 వేలు తగ్గింది. గ్రిడ్ తొణకలేదు. దేశమంతటా జలవిద్యుత్తును ముందే పెంచి ఉంచారు. లైట్లు ఆరుతుంటే దాన్ని 17 వేల మెగావాట్లకు పైగా కిందికి దింపారు, వెలుగుతుంటే మళ్లీ ఎత్తారు, అంతా నిమిషాల మీద జరిగింది. బొగ్గు ప్లాంట్లు అంత చురుగ్గా దిగి ఎక్కలేవు. సోలార్, గాలి పెరిగేకొద్దీ ఇలాంటి చురుకైన యంత్రాలు ప్రతి సాయంత్రం కావాలి.

బ్యాటరీల సంగతి ఐదేళ్ల క్రితం అడిగి ఉంటే నేను పెదవి విరిచేవాణ్ణి. 2022లో దేశంలో జరిగిన మొదటి పెద్ద వేలంలో మెగావాట్‌కు నెల అద్దె దాదాపు 11 లక్షల రూపాయలు పలికింది. 2025 నాటికి 2 లక్షల దగ్గరికి వచ్చేసింది. ఆ ధరలో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఉండే పీక్‌ను బ్యాటరీలకు అప్పగించవచ్చు. పది దాటాక పంప్డ్ స్టోరేజి, గాలి, జలవిద్యుత్తు.

గాలి గురించి ఒక మాట. అనంతపురం, కడప, కర్నూలు కొండల మీద మరలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాత్రీ పగలూ తిరుగుతాయి. నైరుతి మబ్బులతో సోలార్ తగ్గే నెలలూ అవే, కాబట్టి జోడీ బాగా కుదిరింది. చిక్కంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గాలి పడిపోతుంది, తుఫాన్లు వస్తాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోస్తా అంతా రోజుల తరబడి మబ్బే. 2014 హుద్‌హుద్‌కు విశాఖలో టవర్లే కూలిపోయాయి. గాలి మరీ ఎక్కువైతే మరలు కూడా ఆగిపోతాయి. అలాంటి వారానికి సరిపడా బ్యాటరీలు కొనడం వెర్రి ఖర్చు. అయితే ఆ వారం మోటార్లు ఆడవు, ఏసీలు ఆడవు. డిమాండ్ కూడా బాగా తగ్గుతుంది. పైగా 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశంతో కలిసింది కాబట్టి రాజస్థాన్ ఎండ మనకు రావచ్చు, మన గాలి వాళ్లకు పోవచ్చు. ఇది జరగాలంటే 765 కేవీ లైన్లు ఇంకా చాలా కావాలి. సోలార్ పార్కు ఏడాదిన్నరలో లేస్తుంది, లైను నాలుగైదేళ్లు పడుతుంది. లైను సమయానికి అందక రాజస్థాన్‌లో మధ్యాహ్నం పూట ప్లాంట్లు ఆపేయిస్తున్నారు. ఎండ ఉండి, యంత్రం ఉండి కూడా ఆ కరెంటు వృథా.

ఇంత చేశాక కూడా ఏడాదిలో కొన్ని వారాలు మిగులుతాయి. నేను చెప్పిన చివరి 15, 20 శాతం అదే. దానికోసం, ఇప్పుడున్న బొగ్గు ప్లాంట్లలో కొన్నిటిని పడగొట్టకుండా అవసరానికి మాత్రమే నడిపే విధంగా ఉంచుకోవాలి. పర్యావరణ మిత్రులు కొందరికి ఈ మాట నచ్చదు. ఏడాదికి నలభై రోజులు నడిచే ప్లాంటు కాల్చే బొగ్గు, మూడొందల రోజులు నడిచే ప్లాంటు కాల్చే దానిలో ఎంత? ముందు ఆ తేడా సాధిద్దాం.

ఒక సాంకేతిక విషయం చెప్పకపోతే మీ బావగారు నన్ను వదిలిపెట్టరు. థర్మల్ ప్లాంటులో టర్బైను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటుంది. ఎక్కడైనా ఒక పెద్ద ప్లాంటు ఉన్నట్టుండి ఆగిపోతే, వందల టన్నుల ఆ బరువు తిరిగే వేగమే కొన్ని సెకన్లు గ్రిడ్‌ను నిలబెడుతుంది. సోలార్ ప్యానెల్‌లో తిరిగేది ఏమీ లేదు. దక్షిణ ఆస్ట్రేలియా దీన్ని కష్టపడి నేర్చుకుంది. 2016 మేలో అక్కడ చివరి బొగ్గు ప్లాంటు మూసేశారు. అదే ఏడాది సెప్టెంబరు 28న తుఫానుకు టవర్లు కూలి, గాలిమరల రక్షణ సెట్టింగుల వల్ల అవి వరసగా ఆగిపోయి రాష్ట్రమంతా చీకటైంది. వాళ్లు బొగ్గుకు తిరిగి పోలేదు. సెట్టింగులు మార్చారు, 2017 చివరికి 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు, తర్వాత కరెంటు తీయకుండా తిరుగుతూ మాత్రమే ఉండే నాలుగు సింక్రనస్ కండెన్సర్లు పెట్టారు. ఇప్పుడు అక్కడ ఏడాది కరెంటులో సుమారు 70 శాతం గాలి, ఎండ నుంచే. గ్యాస్ ప్లాంట్లు ఇంకా ఉన్నాయి, పక్క రాష్ట్రంతో లైన్లూ ఉన్నాయి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైనప్పుడు కూడా సోలార్ వల్లే అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. దర్యాప్తులో తేలింది వోల్టేజి అదుపు తప్పి పెరిగిపోవడం. వోల్టేజిని పట్టుకునే పని సోలార్ ప్లాంట్లకు అప్పగించకపోవడం అందులో ఒక భాగం. ఇవన్నీ ఇంజినీర్లు సరిచేయగల పనులే.

ఇంజినీర్లు సరిచేయలేనిది డబ్బు. నా దృష్టిలో అసలు అడ్డంకి ఇదే. డిస్కమ్‌లు, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు, బొగ్గు ప్లాంట్లతో 25 ఏళ్ల ఒప్పందాలు చేసుకున్నాయి. కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటు 4,000 మెగావాట్లు, అది ఇప్పుడే పుట్టిన ప్లాంటు. దాన్ని తక్కువ నడిపితే అప్పు ఎవరు తీరుస్తారు? ఇంకోవైపు ఉచిత విద్యుత్తు సబ్సిడీ ప్రభుత్వం నుంచి డిస్కమ్‌కు ఆలస్యంగా వస్తుంది, డిస్కమ్ సోలార్ కంపెనీలకు ఇంకా ఆలస్యంగా కడుతుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత సోలార్, పవన ఒప్పందాల ధరలు తిరగదోడింది. కోర్టుకెళ్లిన ఆ తగాదాలో ఒప్పందం ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. పాత ధరలు ఎక్కువే, నిజం. కానీ సంతకం చేసిన ధర నిలవదనుకుంటే బ్యాంకు వడ్డీ పెంచుతుంది. సోలార్‌లో ఖర్చంతా ముందే పెట్టాలి, ఇంధనం ఖర్చు లేదు. కాబట్టి వడ్డీ పెరిగితే యూనిట్ ధర నేరుగా పెరుగుతుంది. ఎండ ఎంత కాసినా ఇది మారదు.

మనుషుల సంగతీ ఉంది. సింగరేణిలో ఒకప్పుడు లక్ష మందికి పైగా పనిచేశారు, ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. ఆ తగ్గుదల యంత్రాల వల్ల, ఓపెన్‌కాస్టుల వల్ల వచ్చింది, సోలార్ ఇంకా ఆ పని మొదలే పెట్టలేదు. గోదావరిఖని, మందమర్రి, ఇల్లెందు, కొత్తగూడెం ఆ జీతాల మీద బతికే ఊళ్లు. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కట్టేటప్పుడు పని ఇస్తుంది, కట్టాక ప్యానెళ్లు కడిగేవాళ్లు, కాపలావాళ్లు, కొద్దిమంది టెక్నీషియన్లు చాలు. గనిలో ఫిట్టరుగా చేసిన మనిషికి పాణ్యంలో ఉద్యోగం ఉందని చెప్పడం జవాబు కాదు. ఆ పట్టణాల్లోనే ఏం పెడతారో, బొగ్గు తగ్గించే ఏడాది కన్నా పదేళ్లు ముందు నిర్ణయించాలి.

ఇప్పటిదాకా మాట్లాడింది కరెంటు గురించే. మనం వాడే శక్తిలో కరెంటు వాటా ఐదో వంతు దగ్గరే. విశాఖ ఉక్కుకు కావాల్సిన కోకింగ్ బొగ్గు, సిమెంటు బట్టీలు, లారీల డీజిలు, వేట పడవలు, ఎరువుల అమ్మోనియా వేరే లెక్క. పూడిమడకలో, కాకినాడలో గ్రీన్ హైడ్రోజన్, అమ్మోనియా ప్లాంట్లు తలపెట్టారు. వాటికే వేల మెగావాట్లు కావాలి. అంటే మనం మార్చాల్సిన కరెంటే పెరుగుతూ పోతుంది. శక్తి మొత్తం మారడానికి ఒక తరం పడుతుందని నా అంచనా. కరెంటులో 80 శాతం, పైన చెప్పినవి వరసగా జరిగితే, 2040కి సాధ్యం.

ఇక మీ ఇల్లు. 3 కిలోవాట్లు సగటున రోజుకు 12 యూనిట్లు ఇస్తాయి, నెలకు 350 దాకా. సూర్యఘర్ పథకంలో 78 వేల సబ్సిడీ వస్తుంది. మీ బిల్లు సున్నా కావచ్చు. కానీ పగలు మీరు గ్రిడ్‌కు ఇస్తున్నారు, రాత్రి గ్రిడ్ నుంచి తీసుకుంటున్నారు, ఆ రాత్రి కరెంటు ఇప్పటికైతే ఎక్కువగా బొగ్గుదే. కాబట్టి మీటరు లెక్కలో మారినట్టు, వాడకంలో సగం మారినట్టు. వాషింగ్ మెషిన్, నీళ్ల మోటారు, గీజరు ఉదయం పది నుంచి మూడు మధ్య వేసుకోండి, స్కూటరు ఎలక్ట్రిక్‌ది అయితే చార్జింగ్ కూడా అప్పుడే. ప్యానెళ్లు దక్షిణం వైపు వాల్చి పెట్టించండి, దుమ్ము పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున కడగండి, ఎండలో కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోయకండి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, లైన్లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా. ప్యానెళ్ల మీద ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. కోతల్లో కూడా కరెంటు కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, ఒక చిన్న లిథియం బ్యాటరీ కావాలని కొటేషన్ తీసుకునేటప్పుడే చెప్పండి. తర్వాత మార్చాలంటే ఇన్వర్టరు మొత్తం మార్చాల్సి వస్తుంది.